పంపు ఆపకండి: మహమ్మారి రోజుల్లో ఉబ్బసం పిల్లలు

(సొసైటీ వార్షిక సమావేశంలో 2022 మార్చి చివరి వారంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈ రెండేళ్లలో మనల్ని విడిచి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. పోయినసారి ముందు వరుసలో కూర్చున్న కొందరు ఈరోజు లేరు. అల్లాహ్ వారికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

రేషన్ కిట్లు, స్కాలర్‌షిప్పులు, వైద్య సాయం లెక్కలు కార్యదర్శి నివేదికలో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ సమయం తీసుకోము. ఆ లెక్కల్లో కనబడని ఒక్క విషయం చెప్పడానికి అనుమతి అడిగాం. మన శామీర్‌పేట చుట్టుపక్కల బస్తీల్లో ఉబ్బసంతో బాధపడే పిల్లల సంగతి అది. ఈ విషయంలో మేము కొన్ని పొరపాట్లు చేశాం. వాటిని మీ ముందు ఒప్పుకోవడం కూడా లెక్క అప్పజెప్పడంలో భాగమే అనుకుంటున్నాం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే లాక్‌డౌన్. రాజీవ్ రహదారి మీద లారీ చప్పుడు కూడా లేదు. పనులు లేక ఇళ్లలో కూర్చున్న కుటుంబాలకు సరుకులు అందించడమే మనకప్పుడు పెద్ద పని. దానితోపాటు ఉత్సాహం కొద్దీ ఇంకో పని పెట్టుకున్నాం. బ్లీచింగ్ వాసన గుప్పుమనే హైపోక్లోరైట్ నీళ్లు డబ్బాల్లో పోసుకుని, మన కుర్రాళ్లు గల్లీ గల్లీ పిచికారీ చేశారు. గడపలు, గోడలు, చెప్పులు, దేన్నీ వదల్లేదు. అందరూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే ఒక తల్లి ఫోన్ చేసింది. "భయ్యా, మావాడికి దమ్మొచ్చింది, డొక్కలెగరేస్తున్నాడు" అని. పిల్లాడికి తొమ్మిదేళ్లు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. మన పిచికారీ ఘాటు కిటికీలోంచి ఇంట్లోకి పోయింది. ఇంట్లో పంపు ఉండబట్టి ఆ రాత్రి గడిచింది.

వీధుల్లో ఇలా మందు చల్లడం వల్ల ఉపయోగం లేదని, మనుషుల ఊపిరికి అది హాని చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలో చెప్పింది. మాకు ఆ తొమ్మిదేళ్ల పిల్లాడు అంతకు ముందే చెప్పాడు. ఆ రోజు నుంచి పిచికారీ మానేశాం. ఇలాంటి పిల్లలు ఇంకెందరున్నారో చూద్దామని సరుకులు ఇవ్వడానికి వెళ్లిన ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న అదనంగా అడగడం మొదలుపెట్టాం. "మీ ఇంట్లో పిల్లలకు దమ్ము ఉందా?"

ఆ ప్రశ్న నుంచి మేము నేర్చుకున్నదే ఈరోజు చెబుతున్నాం.

ఉబ్బసం అంటే ఏమిటో ముందు రెండు మాటల్లో చెప్పుకుందాం. ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకెళ్లే సన్నటి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి ఉంటుంది. పైకి పిల్లవాడు బాగానే ఆడుకుంటూ ఉంటాడు. జలుబో, పొగో, దుమ్మో, ఘాటు వాసనో తగిలినప్పుడు ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల కఫం చేరుతుంది, దారి ఇరుకైపోతుంది. అప్పుడు పిల్లికూతలు, దగ్గు, ఆయాసం. అంటే ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి ఎప్పుడూ ఉండే వాపు. రెండోది అప్పుడప్పుడూ వచ్చే బిగుతు. మందులు కూడా అందుకే రెండు రకాలు. బిగుతును అప్పటికప్పుడు విప్పేది సాల్బుటమాల్. సాధారణంగా నీలం రంగు పంపులో వస్తుంది. వాపును రోజురోజుకూ తగ్గించేది బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ పంపు. దీని రంగు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పేరు చదివి గుర్తుపెట్టుకోవాలి. మొదటిది నిప్పంటుకున్నప్పుడు పోసే నీళ్లు. రెండోది నిప్పు రవ్వ పడకుండా చూసే జాగ్రత్త.

మన ఇళ్లలో ఏం జరుగుతోందంటే, నీలం పంపు ఉంటుంది. రెండోది ఉండదు. ఉన్నా వాడరు. ఎందుకు వాడరని అడిగితే మూడు జవాబులు వచ్చాయి.

మొదటిది, "పంపు మొదలుపెడితే అలవాటైపోతుందంట కదా?" అలవాటు కాదు. కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లకు అలవాటైపోయిందని అనం కదా. అవసరం ఉన్నంతకాలం వాడతాం. చాలామంది పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ అవసరం తగ్గుతుంది, అప్పుడు డాక్టరే మోతాదు తగ్గిస్తారు.

రెండోది, "బిడ్డ బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఎందుకు?" ఇది లాక్‌డౌన్ వల్ల బలపడిన అపోహ. బడులు 2020 మార్చిలో మూతబడ్డాయి. పిల్లలు ఒకరి నుంచి ఒకరు జలుబు తెచ్చుకోలేదు. రోడ్డు మీద పొగ, దుమ్ము తగ్గాయి. అందరూ మాస్కులు పెట్టుకున్నారు. పిల్లల్లో ఉబ్బసం దాడులకు అన్నిటికంటే పెద్ద కారణం మామూలు జలుబు వైరస్సులే. అవి తగ్గేసరికి ప్రపంచంలో చాలా నగరాల్లో ఆస్తమాతో ఆసుపత్రికి వచ్చే పిల్లల సంఖ్య ఆ నెలల్లో బాగా పడిపోయింది. మన బస్తీల్లోనూ పిల్లలు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. తల్లులు జబ్బు నయమైందనుకున్నారు. మేమూ అనుకున్నాం.

మూడోది స్టెరాయిడ్ అనే మాటకు భయం. ఈ భయానికి కారణం ఉంది. 2021 మే నెల మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కొవిడ్ తగ్గినవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు జనం బారులు తీరారు. స్టెరాయిడ్లు ఎక్కువ వాడటం వల్ల, షుగర్ అదుపులో లేకపోవడం వల్ల అని పేపర్లలో, టీవీల్లో రోజూ వచ్చింది. అది నిజమే. కానీ అది పెద్ద మోతాదుల్లో, మాత్రలుగా, ఇంజెక్షన్లుగా ఒళ్లంతా పాకే స్టెరాయిడ్ సంగతి. ఆ మోతాదును మిల్లీగ్రాముల్లో లెక్కపెడతారు. పిల్లల పంపులో ఒక పీల్పుకు వచ్చే మందు 100, 200 మైక్రోగ్రాములు. 200 మైక్రోగ్రాములంటే ఒక మిల్లీగ్రాములో అయిదో వంతు. అదీ నేరుగా ఊపిరి గొట్టాలకు పోతుంది. దీనివల్ల అసలు ఏ ప్రభావమూ ఉండదని మేము చెప్పం. ఏళ్ల తరబడి వాడిన పిల్లల ఎత్తులో సుమారు ఒక సెంటీమీటరు తేడా రావచ్చని పరిశీలనల్లో తేలింది. ఊపిరి ఆడని రాత్రితో పోల్చుకుని ఆ సెంటీమీటరు బరువెంతో మీరే ఆలోచించండి. ప్రపంచ ఆస్తమా నిపుణుల మార్గదర్శకాలు 2020లోనే స్పష్టంగా చెప్పాయి, కొవిడ్ కాలంలో రోజువారీ పంపు ఆపొద్దని.

ఈ మాట మేము ఇంటింటికీ చేరవేయలేకపోయాం. దాని ఫలితం చెబుతాం.

పిచికారీ ఘాటుకు ఆయాసపడ్డ ఆ పిల్లాడి తల్లి, బ్లాక్ ఫంగస్ వార్తలు చూసి రోజువారీ పంపు ఆపేసింది. వాడు ఆ వేసవంతా బాగానే ఉన్నాడు. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. ఏడాదిన్నర తర్వాత వాడు బడికి వెళ్లాడు. ఆ నెల్లోనే జలుబు పట్టింది. వానాకాలం చివర్లో చెరువు గట్ల వెంట, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ మొక్క విరగబూసి ఉంది. దాని పుప్పొడి కూడా ఉబ్బసానికి పడదు. ఒక రాత్రి రెండు గంటలకు ఫోన్. మేము వెళ్లేసరికి పిల్లాడు గోడకు ఆనుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పేరు అడిగితే ఒక్కో అక్షరం చెబుతున్నాడు. నీలం పంపు నొక్కితే తుస్సుమంటోంది కానీ అందులో మందు అయిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. బీరువా మీద మాత్రం మనం ఇచ్చిన నెబ్యులైజర్ మిషన్ ఉంది, డబ్బా కూడా విప్పలేదు. ఆ రాత్రి గల్లీలో కరెంటు లేదు.

108 వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. మూడు రోజులకు ఇంటికొచ్చాడు. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "ఎవరైనా చెప్పి ఉంటే ఆపేదాన్ని కాదు భయ్యా" అంది. అంతే. ఆ "ఎవరైనా" మేమే.

నెబ్యులైజర్ సంగతి కూడా చెప్పాలి. సెకండ్ వేవ్‌లో మిషన్లు కావాలని దాతలను అడిగింది మేమే. మీరు వెంటనే ఇచ్చారు. మీ ఇఖ్లాస్‌లో లోపం లేదు, మా అడగడంలో ఉంది. కొవిడ్ ఉన్న ఇంట్లో నెబ్యులైజర్ ఆవిరితోపాటు వైరస్ గాలిలో వ్యాపించే ప్రమాదం ఉందని, వీలైనంతవరకు దాని బదులు స్పేసర్‌తో పంపు వాడమని నిపుణులు అప్పటికే చెబుతున్నారు. చాలామంది పిల్లలకు స్పేసర్‌తో వాడిన పంపు ఆ మిషన్‌తో సమానంగా పనిచేస్తుంది. కరెంటు అక్కర్లేదు, బడి సంచిలో పడుతుంది. కానీ మిషన్ ఇస్తుంటే ఫొటో బాగా వస్తుంది. నెలనెలా ఒక పంపు ఇస్తే ఫొటో ఏముంటుంది?

స్పేసర్ అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ డబ్బా. పంపును నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు గొంతులోనే అతుక్కుపోతుంది. స్పేసర్ ఉంటే మందు అందులో నిలిచి, పిల్లవాడు మామూలుగా ఊపిరి తీస్తుంటే లోపలికి పోతుంది. రెండు మూడు వందల రూపాయల వస్తువు. అది కూడా దొరకనప్పుడు ఏం చేయాలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లల డాక్టర్లు 1999లోనే పరీక్షించి చూపారు. అర లీటరు కూల్‌డ్రింక్ బాటిల్ అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అతికించి, బాటిల్ మూతి నోట్లో పెట్టుకుని పీలిస్తే దుకాణంలో కొన్న స్పేసర్‌కు తీసిపోలేదు. మరీ చిన్నపిల్లలకు మాత్రం మూతికి మాస్కు కావాలి. ఇది అత్యవసరానికి పనికొచ్చే ఉపాయం. మన పిల్లలకు మనం అసలు స్పేసరే ఇవ్వగలం.

వాడే పద్ధతి ఇక్కడున్న తల్లిదండ్రుల కోసం మరోసారి. పంపును బాగా కుదపాలి. స్పేసర్‌కు తగిలించి, పిల్లవాడిని నిటారుగా కూర్చోబెట్టాలి. ఒక్కసారే నొక్కాలి. నిదానంగా నాలుగు నుంచి ఆరు ఊపిర్లు తీయించాలి. రెండో పీల్పు కావాలంటే మళ్లీ కుదిపి, మళ్లీ మొదటి నుంచి. రెండూ కలిపి ఒకేసారి నొక్కితే మందు వృథా. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ను గిన్నెలు తోమే సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. ఒకరి స్పేసర్, పంపు ఇంకొకరు వాడకూడదు. చాలా పంపుల్లో 200 పీల్పులుంటాయి. ఉదయం రెండు, రాత్రి రెండు అయితే 50 రోజులకు అయిపోతుంది. కాబట్టి మొదలుపెట్టిన తేదీ పంపు మీదే పెన్నుతో రాయండి. మందు అయిపోయినా తుస్సుమనే చప్పుడు వస్తూనే ఉంటుందని ఆ రాత్రి మేము కళ్లారా చూశాం.

ప్రతి పిల్లవాడికీ డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోండి. బాగున్నప్పుడు ఏ పంపు ఎంత, దగ్గు మొదలైతే ఎంత, ఆయాసం వస్తే ఎన్నిసార్లు, ఎప్పుడు ఆసుపత్రికి. దాన్ని వంటింటి గోడకు అంటించండి, ఒక కాపీ బడిలో ఇవ్వండి. ఆ కాగితం ఉన్నా లేకపోయినా ఈ గుర్తులు కనబడితే ఆగకండి. డొక్కలు, గొంతు గుంట లోపలికి పీక్కుపోవడం. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం. పెదాలు నీలంగా మారడం. మగతగా ఉండటం. నీలం పంపు వాడినా ఉపశమనం లేకపోవడం. నీలం పంపు ఇస్తూనే 108కి ఫోన్ చేయండి. కొవిడ్ పుణ్యమా అని చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంది. 94 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు. అయితే అంకె బాగానే ఉన్నా పిల్లవాడు ఎగశ్వాస తీస్తుంటే అంకెను నమ్మకండి, పిల్లవాణ్ణి నమ్మండి.

ఇంట్లో పొగ సంగతి. కట్టెల పొయ్యి, బీడీ సిగరెట్లు, దోమల కాయిల్ తెలిసినవే. జుమేరాత్ నాడు ఇంట్లో వేసే లోబాన్, అగరుబత్తి కూడా పొగే. పెద్దల ఆచారాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఉబ్బసం పిల్లవాడున్న ఇంట్లో ఆ పొగ వద్దంటున్నాం, అంతే. బ్లీచింగ్, ఫినాయిల్‌తో కడిగేటప్పుడు పిల్లవాణ్ణి బయటికి పంపండి. కొవిడ్ భయంతో మొదలైన ఆవిరి పట్టడం ఉబ్బసానికి మందు కాదు. మరిగే నీళ్లు ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం మాత్రం ఉంది.

మృగశిర కార్తె చేప మందు గురించి చాలామంది అడుగుతారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని గౌడ్ కుటుంబం కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉచితంగా ఇస్తారు. దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. 2020లో, 2021లో కొవిడ్ వల్ల అది జరగలేదు. దాని మీద ఆశ పెట్టుకున్న తల్లులు ఆ రెండేళ్లు దిక్కుతోచక ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ మేము కించపరచం. ఆ మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. తీసుకునేవాళ్లకు మేము చెప్పేది ఒక్కటే. ఆ రోజు ఉదయం కూడా పంపు వాడాలి, మర్నాడూ వాడాలి.

వారం పది రోజుల్లో రంజాన్ వస్తోంది. చిన్నపిల్లలకు రోజా విధి కాదు. కొంచెం పెద్ద పిల్లలు ఉత్సాహంగా ఉంటామంటారు, పంపు వాడితే రోజా పోతుందని దాచుకుంటారు. పంపు వల్ల రోజా భంగమవుతుందా లేదా అన్నదాని మీద ఆలిమ్‌లలో భిన్నాభిప్రాయాలున్నాయి. మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. కానీ రోగికి దీన్ ఇచ్చిన వెసులుబాటులో భేదాభిప్రాయం లేదు. రోజువారీ పంపును చాలామందికి సహెరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు, డాక్టరును అడిగి మార్చుకోండి. ఆయాసం వస్తే మాత్రం నీలం పంపు ఆ క్షణమే వాడాలి. రోజా తర్వాత పూర్తి చేసుకోవచ్చు.

టీకా గురించి ఒక్క మాట. మన పక్కనే తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో కొవాగ్జిన్ తయారైంది. 2020 నవంబర్ 28న ప్రధాని స్వయంగా వచ్చి చూశారు. ఈ ఏడాది జనవరి 3 నుంచి 15 ఏళ్లు దాటిన పిల్లలకు అదే టీకా, మార్చి 16 నుంచి 12 నుంచి 14 ఏళ్ల వారికి మన హైదరాబాద్ సంస్థదే కార్బెవాక్స్ ఇస్తున్నారు. ఉబ్బసం ఉన్నంత మాత్రాన టీకా మానక్కర్లేదు, వేయించండి. దేశానికి టీకా పంపిన ఊరి పక్కన ఒక పిల్లవాడు ఖాళీ పంపు పట్టుకుని రాత్రంతా కూర్చున్నాడంటే, కొరత విజ్ఞానానిది కాదు. ఆ చివరి రెండు కిలోమీటర్లు నడిచి చెప్పే మనిషిది.

దాతలారా, అందుకే ఈ ఏడాది మా విన్నపం చిన్నది, కానీ పొడవైనది. మిషన్లు వద్దు. మా దగ్గర నమోదైన ప్రతి ఉబ్బసం పిల్లవాడికి ఒక స్పేసర్, ఏడాది పొడవునా ఆగకుండా రోజువారీ పంపు, ఇంట్లో ఎప్పుడూ ఒక నిండు నీలం పంపు. నెలకోసారి మా కార్యకర్త ఇంటికి వెళ్లి పంపు మీద తేదీ చూసి, పిల్లవాడి చేత వాడించి చూస్తారు. మందు ఎంత అనేది డాక్టరే నిర్ణయిస్తారు, మేము కాదు. అర్హులైన కుటుంబాలకు జకాత్ నుంచి, మిగతావారికి సదఖా నుంచి ఖర్చు పెడతాం, లెక్కలు వేరువేరుగా చూపుతాం. ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం కంటే నెలనెలా కొద్దికొద్దిగా ఇవ్వడం ఈ పనికి ఎక్కువ అవసరం. ఎందుకంటే రెండు నెలలు మందు ఇచ్చి మూడో నెల ఆపితే, ఆ మూడో నెలలోనే జలుబు రావచ్చు.

ఈ దానానికి ఫొటో ఉండదు. ఒక ఇంట్లో రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగకపోవడమే దీని ఫలితం. ఆ తల్లి నిద్రపోతుంది, పిల్లవాడు నిద్రపోతాడు, మేమూ నిద్రపోతాం. మీ పేరు వాళ్లకు తెలియకపోవచ్చు. తెలియాల్సినవాడికి తెలుస్తుంది.